హుస్సేనమ్మకు ఒక తప్పు కావాలి

ఎన్నికలలోపు చేయవలసిన పనులు:

1. పాలు పోసే సభ్యుల జాబితా సంఘం గోడకు అంటించాలి. మేకలకు అందనంత ఎత్తున.
2. అభ్యర్థుల దగ్గర దోష పత్రాలు తీసుకోవాలి. మూడేసి ప్రతులు.
3. ప్రతి దోషానికీ బాధితుడి సంతకమో వేలిముద్రో ఉందా లేదా చూడాలి.
4. రెండు చెడ్డల్లో చిన్న చెడ్డను గుర్తుపట్టడం ఎలాగో సభ్యులకు అవగాహన సదస్సు పెట్టాలి. టీ, బిస్కెట్లు.
5. పరిశీలనాధికారి గారికి మధ్యాహ్న భోజనం. కారం తక్కువ. పెరుగు మాత్రం మన సంఘం పాలది కాకుండా చూడాలి.
6. హుస్సేనమ్మ పెద్దమ్మకు ఒక తప్పు వెతకాలి.

మేకల సంగతీ పెరుగు సంగతీ పక్కన పెడితే, మొదటి అయిదూ సహకార శాఖవారి సర్క్యులర్‌లో ఉన్నవే. ఆరోది ముప్పాళ్లగుంట పాల సహకార సంఘం కార్యదర్శి గోనుగుంట అంకమ్మ, బి.కాం., తన చేత్తో తాను రాసుకున్నది. రాసుకున్నాక దాని కింద రెండు గీతలు కూడా గీసింది.

అంకమ్మ నాయన జీవితమంతా ఊరివాళ్ల గేదెలు కాసినవాడు. ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషి అంకమ్మ. అందుకే ఆమెకు అచ్చులో ఉన్నదంటే గురి. అచ్చేసినవాళ్లు తనకంటే పెద్ద చదువులు చదివి ఉంటారు గదా అనుకునేది. ఏ సర్క్యులర్ వచ్చినా ముందు ఒకసారి చదివి, తర్వాత అర్థం చేసుకుని, ఆపైన అమలు చేసేది. రెండోది కుదరని రోజుల్లో మొదటిదీ మూడోదీ చేసేది.

ఈ దోష పత్రాల సర్క్యులర్ ఊరికే పుట్టలేదు. ఏడాది కిందట శాఖవారు సభ్యులందరికీ ఒక ప్రశ్నపత్రం పంచారు. ‘మీ అధ్యక్షుడి పనితీరు ఎలా ఉంది?’ అని అడిగి, కింద ‘బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు’ అని మూడు గళ్లు ఇచ్చారు. జిల్లా మొత్తంలో పదిమందికి తొమ్మిదిమంది ఆ గళ్ల జోలికి పోకుండా, పక్కనున్న ఖాళీలో ‘ఆ ఇంకొకడికంటే నయం’ అని రాసిచ్చారు. శాఖవారు కమిటీ వేశారు. కమిటీ ఆరు నెలలు ఆలోచించి తేల్చింది: “సభ్యులు మంచిని కోరుట లేదు. తక్కువ చెడును మాత్రమే కోరుచున్నారు. కోరినదానిని నాణ్యతా ప్రమాణములతో అందించుట శాఖ యొక్క కనీస ధర్మము.”

ఇకనుంచి అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు తమ సుగుణాలు చెప్పుకోనక్కరలేదు. దోషాలు రాసిచ్చి, సాక్ష్యాలు జతచేస్తే చాలు. అధికారి వాటికి శాతం కడతాడు. సభ్యులు ఆ శాతాలు చూసుకుని తక్కువ చెడును ఎన్నుకుంటారు.

శాతం కట్టడానికి పట్టిక కావాలి. కొత్తది తయారుచేసే వ్యవధి లేక, పాలసంఘాలకు అలవాటైన పట్టికనే శాఖవారు తీసుకున్నారు. పాలలో వెన్న మూడు శాతం నుంచి పది శాతం దాకా ఉండే ఆ పట్టికలో ‘వెన్న’ అన్నచోటల్లా ‘దోషం’ అని మార్చి అచ్చేశారు. అడుగున ఉన్న గమనికను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు: ‘మూడు శాతమునకు తగ్గినచో అంగీకరింపబడదు.’

పాలకైతే ఆ మాట న్యాయమే. మూడుకు తగ్గాయంటే అవి పాలు కావు, పాలను చూసివచ్చిన నీళ్లు.

ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా రెండే వర్గాలు. క్యాను గుర్తు వర్గానికి మాల్యాద్రి పెద్ద. ఇప్పటి అధ్యక్షుడు అతనే. గరాటు గుర్తు వర్గానికి చినవెంగయ్య పెద్ద. అంతకుముందు అధ్యక్షుడు ఆయన. మాల్యాద్రి హయాంలో చచ్చిన గేదెల బీమా బతికిన మాల్యాద్రికి అందింది. చినవెంగయ్య హయాంలో గేదెల దాణా ఆయన రొయ్యల చెరువులో పడింది. ఈసారి ఇద్దరి కన్నూ ఒకదాని మీదే ఉంది. ఊరి నడుమ సంఘం గదిలో పాలు చల్లబరిచే కూలరు ఉంది. గెలిస్తే దాన్ని రెండు కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కనున్న తన షెడ్డుకు మారుస్తానని మాల్యాద్రి అన్నాడు. నాలుగు కిలోమీటర్ల దూరంలోని తన చెరువుగట్టుకు మారుస్తానని చినవెంగయ్య అన్నాడు. విశాల ప్రయోజనాల దృష్ట్యా అని ఇద్దరూ అన్నారు. లీటరూ రెండు లీటర్లూ చెంబుల్లో తెచ్చిపోసే ఆడవాళ్లు ఎండాకాలం అంత దూరం నడిస్తే పాలు దారిలోనే విరుగుతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“మరి నీ ఓటు ఎవరికి తాతా?” అని అంకమ్మ ఒకరోజు ఏడుకొండలును అడిగింది. అతనిది ఒక్క గేదె. దానికి ముందు చచ్చిన గేదె బీమా మాల్యాద్రే మింగాడు.

“ఎవరికేందే? మా నాయన క్యాను, నేను క్యాను. పోయేటప్పుడు నా తలాపున పెట్టేది గూడా క్యానే.”

“నీ బీమా తిన్నాడు గదా?”

“తిన్నాడు. ఆ గరాటోడొస్తే గేదెనే తింటాడు. పైగా ఈయన రెండు కిలోమీటర్లే గదా తీసకపోయేది. వాడు నాలుగు. రెండు మిగిల్చినట్టే గదే మనకి!”

సరిగ్గా అప్పుడు దూదేకుల హుస్సేనమ్మ నామినేషన్ వేసింది.

హుస్సేనమ్మకు అరవై దాటాయి. ఒక గేదె, రోజుకు రెండు లీటర్ల పాలు. ఆమె గురించి చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. ఒకసారి టెస్టర్ పొరపాటున ఆమె పాలకు ఆరు పాయింట్ రెండు బదులు ఏడు పాయింట్ రెండు వేస్తే, సాయంత్రం వెనక్కివచ్చి దిద్దించుకుని పోయింది. సంఘం పెట్టాక అంకె తగ్గించమని అడగడానికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆ దిద్దుబాటు ఎట్లా చేయాలో తెలియక టెస్టర్ జిల్లా ఆఫీసుకు ఫోను చేశాడు.

“కూలరు ఉన్నకాడే ఉండాల. అంతే నాకు కావల్సింది,” అంది నామినేషన్ కాగితం మీద వేలిముద్ర వేస్తూ. “ఆడ రాయి, ఈడ రాయి అంటే నాకు తెల్వదు బిడ్డా. నువ్వే చూసుకో.”

పరిశీలన రోజున అధికారి త్రివిక్రమరావు గారు వచ్చారు. ఆయన మామూలుగా మాట్లాడుతున్నా కింద సంతకం, పైన ముద్ర ఉన్నట్టే వినపడుతుంది. మొదట మాల్యాద్రి దోష పత్రం విప్పారు. కట్టి చూస్తే ఎనిమిది పాయింట్ నాలుగు. చినవెంగయ్యది తొమ్మిది పాయింట్ ఒకటి. బయట క్యాను వర్గం టపాకాయలు పేల్చింది. “మనోడు ఎనిమిదే!” అని కుర్రాళ్లు ఊగిపోయారు. చినవెంగయ్య మొహం మాడ్చుకుని, మాల్యాద్రి చాలా తప్పులు దాచిపెట్టాడని, అది తన పట్ల అన్యాయమని అభ్యంతరం రాసిచ్చాడు.

తర్వాత హుస్సేనమ్మ పత్రం. అధికారి దాన్ని ముందు చూశారు, వెనక్కి తిప్పి చూశారు, వెలుతురుకు ఎత్తి చూశారు.

“అమ్మా, ఇందులో ఏమీ లేదు.”

“ఏవుంటదయ్యా మరి?”

“గడి ఖాళీగా ఉంచిన యెడల పత్రము అసంపూర్ణమగును. శూన్యమని వ్రాసిన యెడల మూడు శాతమునకు తగ్గును. ఎటు చూసినా మీ అభ్యర్థిత్వము అంగీకారయోగ్యము కాదు.”

అంకమ్మ లేచి నిలబడింది. “సార్, తక్కువ చెడును ఎన్నుకోమని గదా సర్క్యులర్. ఈమెదే అందరికంటే తక్కువ గదా?”

“తక్కువ చెడు అనగా చెడు ఉండవలెను గదమ్మా. చెడే లేనిచోట తక్కువ చెడు ఎక్కడ నుండి వచ్చును? ఈమెది తక్కువ చెడు కాదు, మంచి. మంచికి ఈ సర్క్యులర్ పరిధిలో ఏర్పాటు లేదు.” ఆయన గొంతు తగ్గించారు. “ఇంకొకటి కూడా ఉన్నది. మూడుకు తగ్గిన పాలను మనము ఏమని అనుమానిస్తాము? నీళ్లు కలిసినవని. మూడుకు తగ్గిన మనిషిని కూడా అట్లే అనుమానించవలసి ఉండును.”

“నేను నీళ్లు కలిపినానా?” హుస్సేనమ్మ గొంతు ఒక్కసారి లేచింది. “అయ్యా, నన్ను ఏమన్నా అను, ఆ మాట మాత్రం అనబాక.”

“నేను అనుట లేదమ్మా. పట్టిక అనుచున్నది. మూడు రోజుల గడువు ఇచ్చుచున్నాను. లోపము సవరించుకుని రండి.”

“తప్పు చేసి రమ్మంటావా?”

“అట్లు నేను ఎన్నడూ అనను. అది నా హోదాకు తగదు. తగినన్ని దోషములతో తిరిగి సమర్పించమంటున్నాను.”

అంకమ్మ జాబితాలో ఆరో పని చేరింది ఆ సాయంత్రమే.

మర్నాడు హుస్సేనమ్మ ఇంటి వసారాలో ఇద్దరూ కూర్చున్నారు. అంకమ్మ చేతిలో కాగితం, పెన్ను. హుస్సేనమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

“ఎప్పుడన్నా ఏదన్నా దొంగతనం చేశావా పెద్దమ్మా?”

“చిన్నప్పుడు మునసబు దొడ్లో జామకాయలు కోసినా.”

“ఆయన సంతకం కావాలే.”

“ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. పోయేముందు ఆ చెట్టు నాకే ఇచ్చిపోయినాడు.”

అంకమ్మ కొట్టేసింది. “ఎవరినన్నా మోసం చేశావా?”

చింతపండు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. “చేసినా. నా గేదెని. నాలుగేళ్ల కింద దాని దూడ చచ్చిపోతే, తోలొలిపించి, లోపల గడ్డి కూర్చి, దాని ముందర నిలబెట్టినా. అది నాకుతా నాకుతా పాలిచ్చింది. పిండుకున్నా. నెల రోజులు పిండుకున్నా. ఇప్పటికీ అది నా మొహం అదో మాదిరిగా చూస్తది.”

అంకమ్మ రాసుకుంది. ‘మోసము. బాధితురాలు: గేదె.’ అధికారికి ఫోను చేస్తే, బాధితురాలు నోరులేని జీవి కనుక డెక్క ముద్ర చాలునన్నారు. పశువుకు చేసిన మోసానికి పాయింట్ నాలుగు. ఇద్దరూ గేదె ముందటి కాలి డెక్కకు ఇంకు పూసి కాగితం మీద ఒత్తారు. గేదె రెండో ప్రతి దాకా ఓపిక పట్టింది. మూడో ప్రతిని తినేసింది.

ఈ సంగతి ఊళ్లో పాకింది. మధ్యాహ్నానికల్లా చెంబులతో పాలుపోసే ఆడవాళ్లంతా సంఘం గది ముందు బారులు తీరారు. హుస్సేనమ్మ నిలబడాలంటే ఆమె మీద చెడ్డగా చెప్పాలట, చెబుతామని.

“నా మొగుడు తాగొస్తే చీపురు తీసుకుంది. రాసుకోయే.”

“నా కూరలో ఉప్పెక్కువైందంది. పదిమందిలో అంది!”

“నాకు పురుడొచ్చినప్పుడు రాత్రంతా కూసోని, పొద్దున్నే నన్ను సోమరిదానా అనింది.”

“అది తప్పెట్టయిందే?” అంది అంకమ్మ.

“నేను బాధపడినా గదా? బాధితురాల్ని నేనా నువ్వా?”

పద్దెనిమిదిమంది వేలిముద్రలు వేశారు. వేసినవాళ్లలో సగంమంది కళ్లు తుడుచుకుంటూ వేశారు. చివర్న ఒకామె ఏమీ గుర్తురాక, “మమ్మల్నందర్నీ ఇడిసిపెట్టి పోద్దేమో ఒకరోజు, అది రాసుకో,” అంది. జరగని దోషానికి గడి లేదని అంకమ్మ తిప్పి పంపింది. ఆ సాయంత్రం అన్నీ కట్టి చూస్తే మూడు పాయింట్ నాలుగు వచ్చింది. అంకమ్మ రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ అంతే వచ్చింది.

“పాసయ్యావు పెద్దమ్మా!”

“ఏందో నాయనా,” అంది హుస్సేనమ్మ. “ఇందరు నన్ను తిడతంటే ఇంత సంబరపడ్డ రోజు ఇదే.”

ఆ రోజే మాల్యాద్రి, చినవెంగయ్య ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒకే మంచం మీద కూర్చున్నారు. హుస్సేనమ్మ మూడు పాయింట్ నాలుగుతో బరిలో ఉంటే ఎనిమిదికి విలువేమిటి, తొమ్మిదికి దిక్కేమిటి?

“ఆమె మీద ఏదన్నా పెద్ద నింద వేద్దామా?” అన్నాడు చినవెంగయ్య.

“పిచ్చోడా! నిందవేస్తే శాతం పెరుగుద్ది, నామినేషన్ ఇంకా గట్టిపడుద్ది,” అన్నాడు మాల్యాద్రి. “పొగడాల. కోలుకోకుండా పొగడాల.”

మూడో రోజు పొద్దున్నే సంఘం ముందు షామియానా లేచింది. క్యాను వర్గం కుర్చీలు తెచ్చింది, గరాటు వర్గం మైకు తెచ్చింది. ఏం జరుగుతోందో తెలిసేలోపే హుస్సేనమ్మను తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెళ్లో గజమాల వేశారు.

మాల్యాద్రి మైకు పట్టుకున్నాడు. “సోదర సోదరీమణులారా! ఈ తల్లి అబద్ధం ఆడదు, దొంగతనం చెయ్యదు, పాలల్లో చుక్క నీళ్లు కలపదు. నేను కలుపుతా! మీకందరికీ తెలుసు! కానీ ఈ తల్లి కలపదు!”

ఆ మనిషి జీవితంలో మైకు ముందు పలికిన నిజాలు అవే. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు.

చినవెంగయ్య కళ్లు తుడుచుకున్నాడు. “ఇట్టాంటి మడిసి మా అమ్మ తర్వాత ఈమే. పదవి లాంటి బురదలో ఈ తల్లిని దించడం మహాపాపం!”

హుస్సేనమ్మ గజమాలలో ఊపిరాడక అటూ ఇటూ కదిలింది. “ఎందుకురా అబ్బయ్యా ఇదంతా? నా గేదెకు కుడితి పెట్టే యాళయింది.”

పదకొండు గంటలకు అధికారి వచ్చారు. అంకమ్మ వేలిముద్రలు, డెక్క ముద్రలు బల్లమీద పరిచింది. ఆయన మెచ్చుకోలుగా తలాడించారు. అప్పుడు మాల్యాద్రి వెండి అంచు పటం ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. అది సన్మాన పత్రం. ఉభయ వర్గాల సంతకాలతో.

“సన్మాన పత్రము సద్గుణమునకు సాక్ష్యము,” అన్నారు అధికారి. “కావున అర శాతము తరుగు. మూడు పాయింట్ నాలుగు నుండి అర తీసివేయగా, రెండు పాయింట్ తొమ్మిది. అంగీకరింపబడదు.”

“సార్! పాయింట్ ఒకటే గదా సార్ తక్కువ!”

“పాలు పాయింట్ ఒకటి తగ్గితే నీవు తీసుకొందువా అంకమ్మా?”

అంకమ్మ తీసుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఎన్నో పొద్దుల్లో ఎందరినో ఆమె అట్లాగే వెనక్కి పంపింది.

అధికారి టోపీ సర్దుకుని, కొంచెం దయగానే చెప్పారు. “కొత్త సాక్ష్యములకు గడువు ముగిసినది. అయినను ఒక మార్గము ఉన్నది. పాలకు సంబంధించిన దోషమునకు మాత్రము కార్యదర్శి హోదాలో నీ ధ్రువీకరణే సాక్ష్యము. ‘ఒక పర్యాయము పాలలో నీళ్లు కలిపినది’ అని వ్రాసి సంతకము చేసిన చాలును. దానికి పూర్తిగా ఒక శాతము. హాయిగా మూడు పాయింట్ తొమ్మిది. నాకు అభ్యంతరము లేదు.”

అంకమ్మ పెన్ను మూత తీసింది. ఒక్క వాక్యం. కూలరు ఊళ్లోనే ఉంటుంది. పద్దెనిమిది చెంబులు నడవక్కరలేదు. ఆమె హుస్సేనమ్మ వైపు చూసింది.

“వద్దు బిడ్డా.”

“ఒక్క ముక్క పెద్దమ్మా. అందరికీ తెలుసు నువ్వు కలపలేదని. కాగితానికే.”

“నువ్వేమో అచ్చులో ఉంటే నిజమంటావు. నీలాంటి పిల్ల ఇంకోతి ఇరవై ఏళ్లకు ఈ కుర్చీలో కూసోని ఆ కాగితం చదివితే? ఉసేనమ్మ నీళ్లు కలిపిందంట అనుకోదా?” ఆమె శాలువా తీసి మడతపెట్టి బల్లమీద ఉంచింది. “దొంగదని రాసుకో, గయ్యాళిదని రాసుకో. నీళ్లు కలిపినానని మాత్రం రాయబాక. అది రాసి గెలిస్తే, గెలిచింది నేను గాదు, ఇంకోతి.”

అంకమ్మ పెన్ను మూత పెట్టేసింది. త్రివిక్రమరావు గారు నామినేషన్ మీద పాలక్యాన్ల మీద వేసే ముద్రే వేశారు. శాఖలో వేరే ముద్ర లేదు. ‘నాణ్యత చాలదు.’

పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. జనం వచ్చారు, ఎనిమిదీ తొమ్మిదీ పోల్చుకున్నారు, తొమ్మిదికంటే ఎనిమిది తక్కువని రుజువు చేసి ఇళ్లకు పోయారు. మాల్యాద్రి గెలిచాడు. ఏడుకొండలు తలకు క్యాను బొమ్మ పట్టీ కట్టుకుని ఊరేగింపులో గంతులేశాడు. “ఆ గరాటోడు రాలేదు, అది చాలు!” అని అరిచాడు. మరో వారానికి కూలరు ట్రాక్టరు ఎక్కింది.

మే నెల వచ్చింది. పద్దెనిమిదిమంది చెంబుల మీద తడిగుడ్డలు కప్పుకుని రోజూ రెండు కిలోమీటర్లు నడిచారు. “నాలుగు కాదు గదా!” అని ఏడుకొండలు తన చెంబు మోస్తూ వాళ్లకు ధైర్యం చెప్పేవాడు. ఒక సాయంత్రం షెడ్డు దగ్గర హుస్సేనమ్మ పాలు పరీక్షకు పోస్తే తునకలు తునకలుగా విరిగిపోయాయి. ఇరవై ఏళ్లలో అది మొదటిసారి.

అంకమ్మ రిజిస్టరు మూసేసింది. “నేను రాయను పెద్దమ్మా. దూరం వల్ల విరిగినాయి. నీ తప్పు కాదు.”

“విరిగింది నిజమేగా. రాయి,” అంది హుస్సేనమ్మ. “లేనిది రాయొద్దన్నాను గానీ, ఉన్నది రాయొద్దన్నానా?”

అంకమ్మ రాసింది. కారణం కూడా రాద్దామని చూసింది గానీ రిజిస్టరులో కారణానికి గడి లేదు.

పదిరోజులకు శాఖ నుంచి హుస్సేనమ్మ పేర రిజిస్టర్డు తపాలా వచ్చింది. అంకమ్మే చదివి వినిపించింది. “సదరు సభ్యురాలి పాలు తిరస్కరింపబడినందున ఆమె దోష శాతము కనిష్ఠ ప్రమాణమునకు చేరినది. అయిదేళ్ల పిమ్మట జరుగు ఎన్నికలలో పోటీకి అర్హత సాధించినందుకు హృదయపూర్వక అభినందనలు.”

హుస్సేనమ్మ ఆ కాగితాన్ని తిప్పి చూసి, చూరులో దోపింది. “అయిదేళ్లు నేనుంటే, నా కాళ్లుంటే చూద్దాంలే. గేదెకు నీళ్లు పెట్టాల,” అని లేచింది.

తిరస్కరించిన నామినేషన్లను మూడేళ్లకొకసారి తగలబెట్టాలని నిబంధన ఉంది. అంకమ్మ నిబంధనలు తప్పే పిల్ల కాదు. ఆ రోజు వస్తే పద్దెనిమిది వేలిముద్రలూ, ఒక గేదె డెక్క ముద్రా మిగతా కాగితాలతో పాటు మంటలోకి పోతాయి. ఊరి పుస్తకాల్లో ఆ ఏడాది పోటీ చేసినవాళ్లు ఇద్దరే అని ఉంటుంది. కనుక చదివినవాళ్లకు ఒక్క మనవి. ఎప్పుడైనా మీరు వరుసలో నిలబడి, వీడికంటే వాడు ఎంత నయమో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉంటే, రెండు పాయింట్ తొమ్మిది దగ్గర ఆగిపోయిన దూదేకుల హుస్సేనమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఊరు ముప్పాళ్లగుంట. రోజుకు రెండు లీటర్లు. నీళ్లు కలపలేదు.